ఒకే ఇంట్లో నూట నలభై మూడు మంది

ఒక ఇంట్లో నూట నలభై మూడు మంది కాపురం ఉన్నారంటే ఎవరైనా నవ్వుతారు. సూర్యప్రకాశరావు గారు నవ్వలేదు, కసురుకున్నారు. ఆయన యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు, ఖైరున్నీసాకు గైడు. "భారతదేశం - గల్ఫ్ దేశాల సంబంధాలు" అన్న థీసిస్‌ను ఈ మనిషి చేత పూర్తి చేయించలేక ఆరేళ్ళుగా ఆయనకు తల ప్రాణం తోకకొస్తోంది.

"ఇది రాసినవాడి పొరపాటమ్మా. పైన వేసిన అడ్రసునే కింది దాకా దించేశాడు. దీన్ని పట్టుకుని నువ్వేం నిరూపిస్తావు?" అని ఆ జాబితాను బల్లమీద గిరాటేశారు.

కువైట్ మీద ఇరాక్ పడినప్పుడు, తొంభైలో, కట్టుబట్టలతో తిరిగొచ్చిన జిల్లావాళ్ళ జాబితా అది. ఢిల్లీ నుంచి కడపకు వచ్చి, రికార్డు గదిలో నాలుగేళ్ళు దుమ్ము తిని, చివరికి ఖైరున్నీసా చేత చిక్కింది. అందులో జమ్మలమడుగు, పులివెందుల తట్టు పల్లెలవాళ్ళు నూట నలభై మూడు మంది ఉన్నారు. అన్ని కులాల పేర్లూ ఉన్నాయి, అన్ని మతాల పేర్లూ ఉన్నాయి. చిరునామా మాత్రం అందరికీ ఒకటే: పేతురు, కాంపౌండర్, ఆసుపత్రి వీధి, జమ్మలమడుగు.

"పుస్తకాల్లోంచి పుస్తకం రాస్తే థీసిస్ కాదు, రాత్రి మిగిలినదానికి తాలింపు పెట్టినట్టు. మూలపత్రాలు తే. ఎంబసీ రాసిందో, ఎంబసీకి రాసిందో, ఏదో ఒకటి. ఢిల్లీ ఫైళ్ళు ముప్పై ఏళ్ళ దాకా తెరవరు. నీ గడువేమో నవంబరుతో సరి. ఆపైన నన్నడిగి లాభం లేదు."

ఖైరున్నీసా జాబితాను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. ప్రొద్దుటూరులో పుట్టి, పులివెందుల జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పుకుంటున్న మనిషి. ముప్పై ఆరేళ్ళు. మొండిఘటం అని వాళ్ళమ్మే అనేది. ఆరేళ్ళలో ఆమె చదివిన పుస్తకాల్లో చమురుంది, ఓడలున్నాయి, మంత్రుల షేక్‌హ్యాండ్లున్నాయి. తన వీధిలో సగం మంది ఆడవాళ్ళు పోయి ఆ దేశాల అంట్లు తోమి వచ్చారే, వాళ్ళు మాత్రం ఒక్క పేజీలో లేరు. ఆమెకు ఒళ్ళు మండేది అక్కడే. రెండు దేశాల మధ్య సంబంధమంటే వీళ్ళు కాక ఇంకెవరండీ?

ఆ అడ్రసు పొరపాటు కాదని ఆమెకు చూడగానే తెలిసింది. ఈ సీమలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లారి బస్సెక్కి జమ్మలమడుగు పోయింది.

ఆసుపత్రి వీధిలో రెండు గదుల మిద్దె. వాకిట్లో డెబ్బై ఏళ్ళ ముసలమ్మ చేటలో కందులు ఏరుతోంది. పేరు దీవెనమ్మ, పేతురు భార్య.

"పేతురు గారి ఇల్లు ఇదేనా అవ్వా?"

"ఇల్లయితే ఇదే. ఆయప్ప ప్రభువు దగ్గరికి పోయి రెండేండ్లాయ. ఏం కావాల?"

ఖైరున్నీసా జాబితా చూపించింది. దీవెనమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో పేరూ తడుముకుంటూ చివరిదాకా పోయింది. ఆపైన పళ్ళులేని నోటితో హాయిగా నవ్వింది.

"అందురూ మాయింటోళ్ళే."

"ఊరి అడ్రసు ఎందుకు రాయలేదు అవ్వా?"

"తెలీనట్టు అడుగుతాండావే! ఊళ్ళోకి జాబొస్తే అది యాడికి పోతాది? నేరుగా పెద్దాయప్ప అరుగు మీదికి. ఎవురి జాబు ఎవురు చదువుతారో. ఫలానా ఇంట్లో మొగోడు కువైట్‌లో ఉండాడు, ఆడోళ్ళే ఉండారని అవతలి పార్టీకి తెలిస్తే చాలు, చీనీతోట మొదలుకంటా నరికేస్తారు. ఆసుపత్రిలో ఆయప్ప రెండు పార్టీలోళ్ళకూ కట్లు కట్టె. ఈ గదిలో వీళ్ళు, ఆ గదిలో వాళ్ళు, మధ్యలో ఈయప్ప. అందుకని 'పేతురప్పా, నీ పేరు రాసుకుంటామప్పా' అనిరి. రాసుకోమనె."

లోపల మంచం కింద నాలుగు మందుల అట్టపెట్టెలున్నాయి. దీవెనమ్మ ఒకటి బయటికి లాగి మూత తీసింది. ఖైరున్నీసా మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. అన్నీ ఎంబసీ జవాబులు. నంబరు, తేదీ, మూడు సింహాల ముద్ర. ప్రతిదానికీ వెనక ఇక్కణ్ణుంచి పేతురు రాసిన అర్జీ నకలు గుండుసూదితో గుచ్చి ఉంది. ఒకామెకు పాస్‌పోర్టు ఇవ్వడం లేదు. ఒకడు ఆరు నెలలుగా జాడ లేడు. ఒకామెను ఇంటికి పంపించే ఏర్పాటు చేశామని ఒక సెక్రెటరీ సంతకం. ఇరవై ఏళ్ళ సంబంధాలు చెదలు పట్టకుండా మందుల వాసనతో అక్కడ కూర్చుని ఉన్నాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దీవెనమ్మ పెట్టె మూత వేసేసింది.

"చూసినావు గదా. ఇంక మూస్తాండా."

"అవ్వా, ఇవి నాకు కావాల."

"నావయితే ఇచ్చుందును. ఇండ్లల్లో పెట్టుకోలేక ఈడ ఇడిసిపోయినారు వాళ్ళు. ఎవురి కాయితం వాళ్ళడిగితేనే ఇయ్యాలని ఆయప్ప నాతో ఒట్టు పెట్టించుకున్యాడు. పోయి అడుగు. ఒప్పుకున్నోళ్ళ వేలిముద్ర తెచ్చి చూపీ, కాయితం తీసకపో."

"నూట నలభై మూడు మందినా?"

"డాక్టరు చదువు ఊరకే ఇస్తారనుకుంటివా?"

మొదటి ఆదివారమే ఖైరున్నీసా ఒక పల్లెలో బస్సు దిగి, టీ అంగడి ముందు నిలబడి ఫలానా వాళ్ళ ఇల్లెక్కడ అని అడిగింది. సివిక్స్ లెక్చరరు చేయాల్సిన పనేనా అది! అంగడివాడు మొహం తిప్పుకున్నాడు. బెంచీ మీద నలుగురు లేచి ఆమె వెనకే నడిచారు. ఆ ఇంటామె తలుపు సగమే తీసి, "మాయింట్లో కువైట్ పోయినోళ్ళు ఎవురూ లేరు" అని మొహం మీదే వేసేసింది. రెండో ఊళ్ళోనూ అంతే. మూడో ఊళ్ళో సాయంత్రం బస్సు రాలేదు, తారురోడ్డు దాకా నాలుగు మైళ్ళు నడిచింది. నడుస్తుంటే తెలిసొచ్చింది. జాబు ఊళ్ళోకి వస్తే ఏమవుతుందని వాళ్ళు ఇరవై ఏళ్ళు భయపడ్డారో, చీర కట్టుకుని తనే ఆ జాబులా ఊళ్ళోకి వచ్చింది. సిగ్గుతో తలకొట్టేసినట్టయింది.

ఆ సంగతి చెబితే దీవెనమ్మ నెత్తి కొట్టుకుంది. "గండికి పో. శ్రావణ శనివారాలు ఆంజనేయస్వామి దగ్గరికి రెండు పార్టీలోళ్ళూ వస్తారు. ఆడ కత్తి తీయరు. ఏటి ఒడ్డున కూసో. ఆసుపత్రికొచ్చే ఆడోళ్ళతో నేను కబురంపిస్తా."

చర్చికి పోయే అవ్వ చెప్పగా, నమాజు చేసుకునే లెక్చరరు నాలుగు శనివారాలు గండికి పోయింది. పాపఘ్ని ఒడ్డున రాతిమీద కూర్చుంది. టిఫిన్ డబ్బాలో వేలిముద్రల ఇంకుప్యాడు, ఒడిలో నోటుబుక్కు. మొదటి వారం ఎండ తప్ప ఎవరూ రాలేదు. రెండో వారం ఒకామె గుండు గీయించిన బిడ్డను చంకనేసుకుని వచ్చి, చుట్టూ చూసి, పక్కన కూలబడింది.

"పుస్తకంలో నా పేరేస్తావా?"

"వేయనక్కా."

"ఊరి పేరు?"

"అదీ వేయను."

"మరి అది నేనని ఎట్ల తెలుస్తాది?"

"ఎవరికీ తెలీదు. కువైట్‌లో ఒకామెకు ఇట్లా జరిగింది, మన ఎంబసీకి రాస్తే ఇట్లా చేసిందని తెలుస్తుంది. అంతే."

"అయితే ఎయ్యి," అని ఆమె బొటనవేలు చాచింది. ఆపైన కూర్చుని, బాగ్దాదు మీదుగా అమ్మాన్ దాకా ఎడారిలో పడిన కష్టమంతా ఏకరువు పెట్టింది. పోతూ పోతూ వడ ప్రసాదం చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఒక పార్టీ ఊరివాళ్ళు పొద్దున, ఇంకో పార్టీవాళ్ళు మధ్యాహ్నం, ఎవరు చెప్పారో ఏమో, వంతులేసుకున్నట్టు వచ్చారు. శ్రావణం ముగిసేసరికి తొంభై ఒక్క వేలిముద్రలు! ఖైరున్నీసా యూనివర్సిటీకి రిపోర్టు పంపింది: తొంభై ఒక్క మూలపత్రాలు లభ్యం. ఆ రోజు ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ ఏడే ఎన్నికలు. పులివెందుల గోడలన్నీ రంగులే, జీపులన్నీ జెండాలే. అక్టోబరులో ఒక మధ్యాహ్నం కాలేజీ ముందు జీపు ఆగింది. దిగినవాడు ఓబులేసు. ఒక పార్టీ పెద్దాయన కుడిభుజం. అతను స్టాఫ్‌రూములో అడుగుపెట్టగానే మిగతా లెక్చరర్లకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చాయి. అతనూ ఖైరున్నీసా మిగిలారు.

"తొంభై ఒక కాయితం దొరికిండాయంట గదా మేడం. సంతోషం."

ఆ అంకె ఆమె ఎవరికీ చెప్పలేదు. యూనివర్సిటీకి పంపిన రిపోర్టులో తప్ప అది ఎక్కడా లేదు.

"మావాణ్ణి ఒకడు సంపి కువైట్ పోయి కూసున్యాడు. వాని పెండ్లాం, ఇద్దరు పిల్లోల్లు వల్లూరు తట్టు యాడో దాంకోనుండారు. పేతురు రాసిన అర్జీలో ఆయమ్మ ఉండే తావు ఉంటాది. ఆ ఒక్క కాయితం చూపీ. యూనివర్సిటీ పెద్ద కమిటీలో మా పెద్దాయప్ప ఉండాడు. నీ డాక్టరేటు నేనిప్పిస్తా."

"నా డాక్టరేటు నేను తెచ్చుకుంటాలేప్పా."

ఓబులేసు నవ్వాడు. "తెచ్చుకో. అయినా ఆ కాయితాలు నువ్వు ఆడ ఇయ్యాల్సిందే గదా. మేం ఆన్నే చూస్తాంలే."

జీపు పోయేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. భయపడలేదంటే అబద్ధం. వల్లూరు ఆమె ఎవరో ఖైరున్నీసాకు బాగా గుర్తు. నాలుగో శనివారం ఇద్దరు పిల్లల్నీ ఏట్లో ఆడుకోమని పంపి, వాళ్ళమీంచి చూపు తిప్పకుండానే, కువైట్‌లో ఉన్న మొగుడి కాగితానికి వేలిముద్ర వేసింది.

మర్నాడే గైడుకు ఫోన్ చేసింది. ఓబులేసు సంగతి చెప్పలేకపోయింది, ఫోనుకు ఎన్ని చెవులున్నాయో ఎవరికి తెలుసు? అసలు పత్రాలు ఇవ్వక తప్పదా అని మాత్రం అడిగింది.

"నకళ్ళు చెల్లవమ్మా. పత్రం ఇస్తేనే ఆధారం. లేదంటే ఆ అధ్యాయం కొట్టేస్తారు. ఆ అధ్యాయం పోతే నీ థీసిస్‌లో తాలింపే మిగులుతుంది," అన్నారు సూర్యప్రకాశరావు.

ఇస్తే ఆ ముగ్గురూ దొరుకుతారు. ఆ ఒక్కదాన్నీ తీసేస్తే, ఓబులేసు మిగతా తొంభైలోనూ వెతుకుతాడు, ఎవరి ఇంట్లో మొగదిక్కు లేదో అన్నీ తెలిసిపోతాయి. ఇవ్వకపోతే ఆరేళ్ళు ఏట్లో పోసినట్టే. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగోరోజు ఆదివారం, జమ్మలమడుగు బస్సెక్కింది. చర్చి నుంచి అప్పుడే వచ్చిన దీవెనమ్మను అడిగింది:

"అవ్వా, కత్తెర ఉందా?"

పేతురు ఆసుపత్రిలో కట్లు కత్తిరించిన కత్తెర ఇచ్చింది దీవెనమ్మ. విషయం విని పొయ్యి రాజేసి పక్కన కూర్చుంది.

కాగితం మీద పెన్సిల్ గీత పడినా పాపమని పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఖైరున్నీసా. అలాంటిది మొదటి కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, పేరున్న చోటు కత్తిరించింది. ఊరి పేరు కత్తిరించింది. నంబరు, తేదీ, ముద్ర, జరిగిన సంగతి ఉంచింది. ముక్క అవ్వ చేతికిచ్చింది. దీవెనమ్మ ఆ పేరు ఒక్కసారి పైకి చదివి పొయ్యిలో వేసింది. రెండోది. మూడోది. నోటుబుక్కులో వేలిముద్రల పక్కన రాసుకున్న పేర్లకూ అదే గతి పట్టించింది. పదో కాగితం దగ్గర ఖైరున్నీసా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎందుకు ఏడుస్తావే?"

"ఇవి మళ్ళా పుట్టవు అవ్వా."

"ఆయమ్మ పిల్లోల్లు పుడతారా మళ్ళా?"

ఖైరున్నీసా ముక్కు చీదుకుని కత్తెర అందుకుంది. వల్లూరు కాగితం వచ్చినప్పుడు దీవెనమ్మ ఆ పేరు మాత్రం పైకి చదవలేదు, వీధి తలుపు తెరిచి ఉంది మరి. తొంభై ఒకటీ అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. ఆ నిప్పుల మీదే ముసలామె కాఫీ కాచి, గ్లాసు నిండా పోసి ఇచ్చింది.

నవంబరు ఇరవై ఎనిమిదిన థీసిస్, దానితోపాటు చిల్లులు పడ్డ కాగితాల కట్ట యూనివర్సిటీలో ఇచ్చింది. గుమాస్తా ఒకటి తీసి చూసి ముక్కున వేలేసుకున్నాడు. సూర్యప్రకాశరావు గారు ఆ రోజు ఆమెతో మాట్లాడనే లేదు.

ఎన్నికలయ్యాక, వేసవి ముదిరాక వైవా పెట్టారు. ఢిల్లీ నుంచి వేదవ్యాస అనే పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. ఒక కాగితాన్ని వెలుతురుకేసి పట్టి, చిల్లులోంచి ఆమెను చూశారు.

"ఇది ఎవరి పని?"

"నాదే సార్."

"నువ్వు పరిశోధకురాలివా, ఎలుకవా?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఖైరున్నీసా తడబడకుండా జవాబు చెప్పింది.

"సార్, ఆ పేర్లుంటే మా జిల్లాలో మనుషులు చస్తారు. అందుకే తీసేశాను. ప్రతి కాగితం మీదా ఎంబసీ నంబరుంది, తేదీ ఉంది. వీటి ఆఫీసు కాపీలు ఢిల్లీలో ఉంటాయి. ముప్పై ఏళ్ళకు తెరుస్తారు. అప్పుడు ఎవరైనా పక్కపక్కన పెట్టి చూడనీండి. ఒక్క అక్షరం తేడా వస్తే నా పట్టా వెనక్కి తీసుకోండి."

వేదవ్యాస గైడు వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"ఈ అమ్మాయి ఆరేళ్ళుగా నా ప్రాణాలు తోడేస్తోందండీ," అన్నారు సూర్యప్రకాశరావు గారు. "కానీ ఆరేళ్ళలో ఒక్క తేదీ తప్పు రాయలేదు."

పట్టా వచ్చింది. దీవెనమ్మకు కిలో మైసూరుపాకు తీసుకుపోతే, పళ్ళు లేవని తిట్టి, తనివితీరా చప్పరించింది.

తర్వాత పదిరోజులకు ఓబులేసు మళ్ళీ కాలేజీకి వచ్చాడు. ఈసారి జీపు లేదు, నడిచి వచ్చాడు. నడుం దగ్గర కత్తి మాత్రం ఉంది. స్టాఫ్‌రూము గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఆ కాయితాలన్నీ చదివించుకుంటి మేడం. చదువుకున్నోణ్ణి పక్కన పెట్టుకోని ఒక్కొక్కటే. వల్లూరామెది ఏదో దొరకలే." జేబులోంచి ఒక కాగితం తీశాడు. నకలు కాదు, అసలుదే. కట్టలోంచి లాగేసినట్టున్నాడు. "ఇది దొరికె."

ఖైరున్నీసాకు చదవనక్కర్లేదు, చిల్లుల తీరు చూస్తేనే గుర్తుపట్టింది. ముప్పై ఏడో నంబరు. యజమానురాలు రెండు చేతుల మీదా ఇస్త్రీపెట్టె పెట్టిందని, తనను ఇంటికి పంపించమని ఒకామె అర్జీ. ఆమెను ఆ ఇంట్లోంచి తప్పించి ఆసుపత్రిలో చేర్చామని ఎంబసీ జవాబు.

"మాయక్క కమలమ్మ. తొంభైలో వచ్చె. రెండు చేతులూ కాలిండె. స్టవ్వు పేలిందనె." ఓబులేసు కాగితం ముందుకు చాచాడు. "మేడం, ఇది మాయక్కదేనా? మాయింటి ఆడమనిషి మాకు చెప్పుకోలేక ఆ కాంపౌండరు పేరు రాసుకున్యాదా? నేనేం అయిపోతినని? ఒక్కమాట చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఇదే మనిషి, ఇదే గదిలో, ఇద్దరు పసిబిడ్డలు దాక్కున్న తావు అడిగాడు. ఆ కోపం ఆమెకు ఇంకా చల్లారలేదు. కానీ చిన్నపిల్లాడిలా నిలబడ్డ ఆ మొహం చూస్తుంటే మనసు పీకింది. గండిలో ఆ ముప్పై ఏడో నంబరామె బొటనవేలు కాలిపోయి ముద్ర పడలేదు. చిటికెన వేలితో వేయించాల్సి వచ్చింది.

"పేర్లు చెప్పనని మాటిచ్చినాప్పా."

"నేను తోడబుట్టినోణ్ణి."

"ఎవరికయినా అదే మాట. మీ అక్క యాడుంది ఇప్పుడు?"

"ఇంట్లోనే. మాతోనే."

"ఐదేండ్లయింది గదా వచ్చి. ఆ చేతులు ఏమయినాయని ఒక్కసారన్నా పక్కన కూసోని అడిగితివా?"

"స్టవ్వు పేలిందని చెప్పె గదా..."

"ఆమె చెప్పింది సరే. నువ్వు అడిగితివా?"

ఓబులేసు తల దించుకున్నాడు. బయట పిల్లలు బిలబిలమంటూ క్లాసుల్లోకి పోతున్నారు.

"అడిగితే చెప్తాదంటావా?"

"నాకు తెలీదప్పా. నడుం దగ్గర ఆ కత్తి యాడన్నా పెట్టేసి పోయి అడుగు."

అతను కాగితం ఆమెకు ఇవ్వబోయినట్టు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. అది యూనివర్సిటీ సొత్తు, ఆమె ఆరేళ్ళ కష్టం. ఖైరున్నీసా అడగలేదు.